జెండాల మధ్యే దిగండి

మనవాళ్లెవరైనా ఆస్ట్రేలియా వచ్చి బీచ్‌కి వెళ్తున్నామంటే నాకు టెన్షన్ మొదలవుతుంది. వారాంతాల్లో నేనొక సర్ఫ్ లైఫ్‌సేవింగ్ క్లబ్‌లో, అంటే బీచ్‌లో మునిగేవాళ్లని కాపాడే సంఘంలో, వాలంటీర్‌గా గస్తీ చేస్తాను. జీతం ఉండదు, ఎక్కువసేపు నీళ్లవైపు చూస్తూ నిలబడటమే పని.

ఎరుపు పసుపు జెండాలు రెండు కనిపిస్తాయి కదా, వాటి మధ్యే దిగాలి. ఆ చోటు పొద్దున్నే అలలు చూసి ఎంచుకుంటాం, అవసరమైతే మధ్యలో మారుస్తాం కూడా. కానీ చాలామంది అక్కడ జనం ఎక్కువని పక్కకి, అలలు విరగకుండా ప్రశాంతంగా కనిపించే చోటికి పిల్లల్ని తీసుకెళ్తారు. అసలు ప్రమాదం అక్కడే! ఒడ్డుకొచ్చిన నీరంతా తిరిగి సముద్రంలోకి పోయే దారి అది, రిప్ అంటారు, లోతెక్కువ కాబట్టే అక్కడ అల విరగదు, నీళ్లు ముదురు రంగులో ఉంటాయి.

అందులో చిక్కితే ఒడ్డువైపు ఎదురీదొద్దు, ఎంత ఈతగాడైనా అలసిపోతాడు. రిప్ మనల్ని కిందికి లాగదు, దూరంగా తీసుకెళ్తుంది. వెల్లకిలా తేలుతూ చెయ్యెత్తి పిలవండి, ఓపికుంటే ఒడ్డుకు సమాంతరంగా, అలలు విరుగుతున్న వైపు ఈదండి.

1938 ఫిబ్రవరి 6న సిడ్నీ బాండై బీచ్‌లో వరసగా వచ్చిన పెద్ద అలలు వందలమందిని లోపలికి లాగేశాయి. ఐదుగురు చనిపోయారు. మిగతావాళ్లు బతికారంటే ఆ రోజు లైఫ్‌సేవింగ్ క్లబ్ సభ్యులు చాలామంది అక్కడే ఉండబట్టే.

ఒక్కటి మాత్రం బతిమాలుతున్నా, ఎవరైనా మునుగుతుంటే ఈత రానివాళ్లు దూకేయకండి. తేలేది ఏదైనా విసిరి లైఫ్‌సేవర్లని పిలవండి, ఎవరూ లేకపోతే ఇక్కడి అత్యవసర నంబర్ 000కి ఫోన్ చేయండి. జీన్స్, చుడీదార్లతో దిగొద్దు, తడిస్తే బరువు. సందేహముంటే మా దగ్గరికొచ్చి అడగండి, ఎన్నిసార్లైనా చెప్తాం.