పడమటి వేళ్ళు

ఆ ఆదివారం సాయంత్రం నాలుగున్నర వరకు మా ముంగిట్లో వేపచెట్టు ఉండేది. ఐదింటికి లేదు.

మే నెలలో కడపలో ఉన్నవాళ్ళకు ఆ సాయంత్రాల సంగతి వేరే చెప్పనక్కరలేదు. పగలంతా బండల మీద కాలు మోపలేం. మధ్యాహ్నం దాటాక గాలి బిగదీసుకుంటుంది, ఆకు కదలదు. అప్పుడు పడమట ఇటుకపొడి రంగు లేస్తుంది. ముందు దుమ్ము, దాని వెనక గాలి, అన్నిటికీ ఆఖరున వాన. బడిలో పిల్లలకు ఈ పాఠం చెప్పేది నేనే. వేడెక్కిన గాలి పైకి పోయి క్యుములోనింబస్ మేఘం కడుతుందని, అందులో చల్లబడిన గాలి ఒక్కసారిగా దిగి నేల మీద పరుచుకుంటుందని, అందుకే చినుకు కంటే ముందు దుమ్ము వస్తుందని బోర్డు మీద బొమ్మ వేసి మరీ చెబుతాను. పాఠం వచ్చినంత మాత్రాన దండెం మీది బట్టలు తీసుకునే వ్యవధి దొరకదు. తువ్వాళ్ళ వెంట పరుగెడుతుంటే వెనక నుంచి పాత చీర చింపినట్టు సాగదీసిన చప్పుడు వినిపించింది. చెట్టు విరగలేదు. వేళ్ళతో సహా పెళ్ళగిలి, తూర్పుకు ఒరిగి, వసారా మీద పడుకుంది.

రోజూ ఆ వేళకు అమ్మ వసారాలో నులక మంచం మీద ఉంటుంది. ఆ రోజు టీ పెట్టుకోవడానికి లోపలికి లేచి వెళ్ళింది. దాని గురించి ఇంతకు మించి రాయలేను.

తెల్లవారి చూస్తే ఆరు సిమెంటు రేకులు ముక్కలై ఉన్నాయి. మంచానికి ఒక కోడు విరిగింది. సన్నజాజి పందిరికి నాయన నాటించిన రాతి స్తంభాల్లో ఒకటి కూలింది. వేళ్ళు పైకి లేచేటప్పుడు బండలనూ, వాటి మీద మేము పోయించిన సిమెంటునూ కలిపి పెళ్ళలుగా ఎత్తేశాయి. తులసికోటకు గీత కూడా పడలేదు. వీధిలో సగం మంది దాన్ని చూడటానికే వచ్చారు.

వచ్చిన ప్రతివారి దగ్గరా ఒక సలహా ఉంది. చెట్టంటే ఇంటికి దూరంగా ఉండాలని ఒకరు, ఇకనైనా హాయిగా టైల్స్ వేయించుకోమని ఒకరు. బెంగళూరు నుంచి తమ్ముడు ఫోనులో పాతిక చిత్రాలు పంపాడు. చెక్కలా కనిపించే నేల, గాజు కప్పు, వెదురు దీపాలు. చాలా బాగున్నాయి. అయితే ఆ చిత్రాలన్నిటిలోనూ సాయంత్రమే ఉంది, ఒక్కదానిలోనూ మిట్టమధ్యాహ్నం లేదు. మేలో గాజు కప్పు కింద రెండింటికి కూర్చుని చూపించు, తర్వాత మాట్లాడుకుందాం అన్నాను.

రేకుల విషయం ఒకటి చెప్పాలి, ఎందుకంటే మా వీధిలో దాన్ని ఎవరూ పట్టించుకోరు. పాత సిమెంటు రేకుల్లో ఆస్‌బెస్టాస్ నార కలిసి ఉంటుంది. రేకు కదలకుండా ఉన్నంతసేపు పెద్ద బెడద లేదు. విరగ్గొట్టినా, కోసినా, చీపురుతో ఊడ్చినా పొడి లేస్తుంది. కంటికి ఆనని ఆ నార ఊపిరితిత్తుల్లోకి పోతే అక్కడే ఉండిపోతుంది. కాన్సరుకు కూడా దారి తీస్తుంది. కూలీలు సుత్తితో చిన్న ముక్కలు చేసి తట్టలకెత్తుతామన్నారు. నేను వద్దని, గొట్టంతో నీళ్ళు కొట్టి తడిపి, ముక్కులకు గుడ్డలు కాదు, మందుల షాపులో దొరికే మంచి మాస్కులు కట్టించి, పెద్ద ముక్కలను అలాగే ప్లాస్టిక్ పట్టాలో చుట్టించాను. నన్ను చూసి నవ్వుకున్నారు. నవ్వుకోనీ.

అసలు మాట చెప్పినవాడు బేల్దారి పెద్దాయన. 1986లో నాయన ఈ ముంగిట్లో బండలు పరిపించినప్పుడు ఆయన ఇసుక మోసే కుర్రవాడు. వచ్చి ఎవరితోనూ మాట్లాడకుండా గుంత చుట్టూ రెండుసార్లు తిరిగాడు. గట్టు మీద గొంతుక్కూర్చుని లోపలికి చూస్తూ, "పడమటి వేళ్ళు ఏవమ్మా?" అన్నాడు.

లేవు. తూర్పున నా తొడంత లావు వేళ్ళు మెలికలు తిరిగి ఉన్నాయి. పడమట మాత్రం రెండు మొండాలు, రంపంతో కోసినంత నున్నగా ఉన్నాయి. పన్నెండేళ్ళ కిందట మురుగు గొట్టం వేయించేటప్పుడు అడ్డం వచ్చాయని నరికించింది నేనే. అప్పుడే ఎండాకులు ఊడవడం కష్టంగా ఉందని బండల మీద సిమెంటు పోయించి, చెట్టు మొదలు దాకా మూయించింది కూడా నేనే. గాలి పడమటి నుంచి వచ్చింది. గాలికి ఎదురుగా ఉన్న వేళ్ళే గుడారానికి తాళ్ళలా చెట్టును పట్టి ఉంచుతాయి. మేము తాళ్ళు కోసేసి, పన్నెండేళ్ళు దాని నీడలో కూర్చున్నాం. ఊరంతటికీ గాలివాన చేసిన నష్టమని చెప్పుకున్న నేను, ఆ మధ్యాహ్నం నుంచి చెప్పడం మానేశాను.

సూచన ఒకటి ముందే అందింది, చదువుకున్నదాన్ని అయి కూడా చదవలేదు. 2021 నవంబరులో రాజంపేట దగ్గర చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి ఊళ్ళకు ఊళ్ళు మునిగిన ఆ వానల్లో మా ముంగిట్లో రెండు రోజులు నీళ్ళు నిలిచాయి. ఇళ్ళూ పశువులూ పోగొట్టుకున్నవాళ్ళ ముందు చీలమండ లోతు నీళ్ళ గురించి మాట్లాడటానికి సిగ్గేసి ఊరుకున్నాను. నాయన పరిపించిన బండల మధ్య సందులుండేవి. నీళ్ళు ఇంకేవి. సిమెంటు పోశాక ఇంకడానికి దారి లేదు, పారడానికి వాలు లేదు.

కాబట్టి టైల్స్ మాట పక్కన పెట్టి, సిమెంటంతా కొట్టించి, మళ్ళీ బండలకే వచ్చాం. పాతవాటిలో యాభై పైచిలుకు బాగానే ఉన్నాయి. మిగతా వాటి కోసం పెద్దాయనతో కలిసి ఎర్రగుంట్ల వైపు వెళ్ళాను. నాపరాయిని గనిలో తీసే తీరు చూడటం అదే మొదటిసారి. పొర సందులో ఉలి పెట్టి వరసగా తడుతూ పోతే, పుస్తకంలో పేజీ విప్పినట్టు బండ లేచి వస్తుంది. ఒకప్పటి సముద్రం అడుగున పొర మీద పొరగా పేరుకున్న సున్నపు బురద అది, నేల మీద ఇంకా ఏ జంతువూ నడవని కాలంనాటిది. విలియం కింగ్ అనే భూగర్భ శాస్త్రవేత్త 1872లోనే కడప, కర్నూలు శిలల మీద పెద్ద గ్రంథం రాశాడు. తమాషా ఏమిటంటే ఎర్రగుంట్ల దగ్గరి ఈ సున్నపురాయిని శాస్త్రవేత్తలు కర్నూలు సమూహం కింద లెక్కిస్తారు. మా బడిలో కర్నూలు నుంచి వచ్చిన లెక్కల టీచరుకు ఈ మాట పొరపాటున చెప్పాను. అప్పటి నుంచి మా ముంగిలి వాళ్ళ ఊరి సొత్తని అంటోంది.

పెద్దాయన పని నిదానం. గుంతలో మట్టి నింపి, తడిపి, దిమ్మిస కొట్టించి, వారం ఆగమన్నాడు. ఆగలేక నాలుగో రోజు ఫోను చేస్తే, "మట్టి మునగాల్సినంత మునగనీ అమ్మా, లేకపోతే తర్వాత బండ మునుగుతుంది" అన్నాడు. ఆ తర్వాత రెండంగుళాల ఇసుక. రసమట్టం మీద నమ్మకం లేదు ఆయనకు. నీళ్ళు నింపిన మట్టం గొట్టంతోనే పదడుగులకు రెండంగుళాల వాలు తీసి, ఇంటి గోడ నుంచి గేటు వైపు దారం కట్టాడు. సందులు వేలు పట్టేంత వదిలి ఇసుకతో నింపాడు. నునుపు చేసిన బండలు కొంటానంటే ఒప్పుకోలేదు. తడిస్తే అమ్మ జారుతుందట. గరుకువే వేశాడు.

ఇంత జాగ్రత్తగా చేసిన పనిని నేను ఒక్క పూటలో పాడు చేశాను. పాత బండల మీద సిమెంటు మరకలు పోవడం లేదని బాత్‌రూములు కడిగే ఆసిడ్ పోశాను. బుసబుసా పొంగింది. సున్నపురాయి మీద ఆసిడ్ పోస్తే పొంగుతుందని ఏటా చెబుతూనే ఉంటాను. కడిగాక చూస్తే నాలుగు బండలు బూడిద పూసినట్టు తెల్లబడ్డాయి. కొబ్బరినూనె రుద్దితే నలుపు తిరిగి వస్తోంది, వాన పడితే మళ్ళీ పోతోంది. నిమ్మకాయ పిండినా, చింతపండు పులుసు ఒలికినా ఇదే గతి అని అమ్మ ఇప్పుడు చెబుతోంది.

వసారాకు ఇనుప రేకులు వేయించాం. ఈసారి చూరు జానెడు మాత్రమే బయటికి వదిలాం, పొడుగు చూరు కిందికి గాలి దూరి రేకును ఎత్తుతుంది. మిగతా సగానికి కప్పు లేదు, జాజి పందిరే. కోడు విరిగిన మంచానికి మా వేపచెట్టు కొమ్మ నుంచే కొత్త కోడు చెక్కించాం. నులక అమ్మే అల్లింది, నన్ను ముట్టుకోనివ్వలేదు. చెట్టున్న చోట బండలు పరచలేదు. మూడడుగుల పాది వదిలి కానుగ మొక్క పెట్టాం. మురుగు గొట్టాన్ని తూర్పు గోడ వారగా తిప్పించడానికి మంచానికి, రేకులకు కలిపి అయినంత ఖర్చయింది.

జూన్‌లో మొదటి వానకు నీళ్ళు దారం గీసినట్టు గేటు వైపు పోయాయి. ఒక్క బండ దగ్గర తప్ప. పాది పక్కన ఉన్న ఆ బండ కొద్దిగా మునిగి, దోసెడు నీళ్ళు పట్టి ఉంచుతోంది. పెద్దాయనకు ఫోను చేస్తే శుక్రవారం నమాజు అయ్యాక వచ్చి ఎత్తి వేస్తానన్నాడు. మూడు శుక్రవారాలు గడిచాయి. నాలుగోసారి చేయబోతే అమ్మ వద్దంటోంది. ఆ నీళ్ళలో రోజూ పొద్దున రెండు గోరువంకలు స్నానం చేస్తున్నాయట. ఆయన వస్తే నేను ఇంట్లో లేనని చెబుతుందట.