స్నేహితురాలితో గుడారంలో ఒక వారాంతం

ఎన్నో నెలలుగా పని ఒత్తిడితో సరిగా నిద్రపట్టని నాకు, ఆప్త స్నేహితురాలితో కలిసి అడవి అంచున గుడారం వేసుకుని గడిపిన ఈ వారాంతం కొత్త ఊపిరి పోసింది. చీకటి పడ్డాక నెగడు వెలుగు తప్ప వేరే దీపం లేకపోవడంతో, మాటల మధ్యలోనే కళ్లు వాటంతట అవే మూతలు పడ్డాయి. ఇది కేవలం అలసట వల్ల కాదని నా నమ్మకం; వారాంతం ఆరుబయట గడిపినవారిలో, నిద్రకు సిద్ధం చేసే మెలటోనిన్ అనే హార్మోన్ మామూలు కంటే సుమారు 1.4 గంటల ముందే పెరగడం మొదలైందని కొలరాడో విశ్వవిద్యాలయ పరిశోధకులు 2017లో వెల్లడించారు. తెల్లవారేసరికి మా ఊపిరిలోని తేమ గుడారం లోపలి గుడ్డపై సన్నని బిందువులుగా పేరుకుంది. అన్నిటికంటే విలువైనది, ఒక్క సలహా కూడా ఇవ్వకుండా నా మాటలన్నీ ఓపికగా విన్న ఆమె సాంగత్యం. చలికాలం రాకముందే మళ్లీ వెళ్లాలని అక్కడే నిశ్చయించుకున్నాం.