కొండ కిందికి బియ్యం మూటలు

ఈ రోజు కూడా పదో తరగతిలో ఆ అబ్బాయి కనిపించలేదు. లెక్కల్లో చురుకైనవాడు. బడి వదిలాక వాళ్లింటికి వెళ్లాను. పంచలో కొత్త మోటారుసైకిల్ ఉంది. మామిడి తోటల్లో కూలికి పోయే ఇంట్లోకి అది ఎలా వచ్చిందో వాళ్లమ్మే చెప్పింది.

"వాడు చెట్లు నరకడం లేదు మేడమ్. కొండ కింద దాకా బియ్యం, పప్పు, నీళ్ల డబ్బాలు చేరవేసి వస్తాడు, అంతే."

మా రైల్వే కోడూరు చుట్టుపక్కల పిల్లల్ని ఎర్రచందనం దొంగ రవాణా ముఠాలు లాక్కునేది ఇలాంటి పనులతోనే. శేషాచలం, పాలకొండ, వెలిగొండ అడవుల్లో తప్ప ఎర్రచందనం సహజంగా పెరిగే చోట్లు చాలా తక్కువ. చైనాలో ఆ చెక్కతో చేసిన సామాన్లకు గిరాకీ ఎక్కువ. నరికి మోసేది ఎక్కువగా తమిళనాడులోని జవ్వాది కొండల నుంచి వచ్చే పేద కూలీలు. వాళ్లకు తిండి అందించడం, పోలీసు జీపు వస్తే ఫోను చేయడం, దుంగల బండికి ముందు పైలట్‌గా బైకు నడపడం మా ఊరి కుర్రాళ్ల వంతు. పని చెప్పిన మేస్త్రీ తప్ప పైవాడెవడో వాళ్లకు తెలియదు. పట్టుబడ్డా చెప్పడానికి పేరుండదు.

2013 డిసెంబరులో ఇద్దరు అటవీ ఉద్యోగుల్ని కొండల్లో చంపేశారు. 2015 ఏప్రిల్ 7న పోలీసు కాల్పుల్లో 20 మంది తమిళ కూలీలు పోయారు. 2024 ఫిబ్రవరిలో కె.వి.పల్లె మండలంలో బండిని ఆపబోయిన కానిస్టేబుల్‌ను కారుతో గుద్ది చంపారు. పోయినవాళ్లలో దుంగల్ని ఓడెక్కించి కోట్లు గడించినవాడు ఒక్కడూ లేడు.

నాకు అంతకన్నా కోపం తెప్పించేది మా ఊరి మర్యాద. జాతరకు అందరికన్నా ఎక్కువ చందా రాసినవాడికి ముందు వరుసలో కుర్చీ వేస్తారు. ఆ సొమ్ము ఎక్కడిదని పెద్దలెవరూ అడగరు. పిల్లలు అది చూస్తూ పెరుగుతున్నారు.

నేను లేవబోతుండగా అబ్బాయి వచ్చాడు. తల దించుకుని, "పరీక్ష ఫీజుకు గడువు అయిపోయిందా మేడమ్?" అని అడిగాడు. ఇంకా ఉందన్నాను. కడపలో ఉన్న మేనమామ ఇంటికి పంపితే ముఠావాళ్లు ఫోను చేసినా వెళ్లలేడని వాళ్లమ్మ అంది. అక్కడి బడికి మార్చడం ఈ ఏడు కుదురుతుందేమో రేపు హెడ్మాస్టరుగారిని అడగాలి. కుదరకపోతే పరీక్షలయ్యే దాకా సాయంత్రాలు మా ఇంట్లోనే చదివిస్తాను.