పాత కారుకు కొత్త స్పీకర్లు: ముందు డోర్ల పని అయింది, వెనక ట్రే మిగిలింది

ముందు డోర్లలో ఉన్న పాత స్పీకర్లు కొన్నాళ్లుగా బొంగురుపోయాయి. వాల్యూమ్ సగం దాటితే చాలు, మృదంగం దెబ్బ పడ్డ చోటల్లా బరబరమంటున్నాయి. విప్పి చూస్తే కోన్ చుట్టూ ఉండే ఫోమ్ అంచు వేలు తగిలితేనే పొడిగా రాలిపోతోంది. ఫోమ్ గతి ఇంతే. వాడినా వాడకపోయినా తేమ, వేడి కలిసి ఏళ్ల మీద దాన్ని తినేస్తాయి. రబ్బరు అంచు చాలా ఎక్కువ కాలం నిలుస్తుంది కాబట్టి కొత్తవాటిలో మొదట చూసింది అదే.

తీసుకున్నవి: ముందుకు 6.5 అంగుళాల కాంపోనెంట్ సెట్, అంటే ట్వీటర్ (సన్నని శబ్దాలు పలికే చిన్న స్పీకర్) విడిగా వచ్చేది. వెనక సీటు వెనకున్న ట్రేకు 6×9 అంగుళాల కోయాక్సియల్, అంటే ట్వీటర్ స్పీకర్ మధ్యలోనే ఉండేది. డబ్బా మీద పెద్దగా అచ్చేసే 300 వాట్ల అంకె అలంకారానికే, అది పీక్, అంటే క్షణం పాటు తట్టుకునేది. ఆర్‌ఎంఎస్ (నిలకడగా తట్టుకునే వాట్లు) ఎంత, సెన్సిటివిటీ (ఇచ్చిన వాట్లకు ఎంత గట్టిగా మోగుతుందన్నది) ఎంత అన్నవి పక్కన చిన్న అక్షరాల్లో ఉంటాయి. స్టీరియో మీద 4×50 అని రాసి ఉన్నా, అందులోని చిన్న చిప్ ఒక్కో ఛానెల్‌కు నికరంగా ఇచ్చేది 15 నుంచి 20 వాట్లు. ఆంప్లిఫయర్ పెట్టే ఆలోచన ఇప్పట్లో లేదు. అందుకని సెన్సిటివిటీ 90 డెసిబెల్స్‌కు తగ్గకుండా చూశా. 87 డెసిబెల్స్ స్పీకర్‌కు 20 వాట్లు పోస్తే వచ్చే శబ్దం దీనికి 10 వాట్లతోనే వస్తుంది. ఇంపీడెన్స్, అంటే పాట సిగ్నల్‌కు స్పీకర్ ఇచ్చే అడ్డు, 4 ఓమ్స్. మల్టీమీటర్ పెడితే మూడున్నర దగ్గర చూపిస్తుంది, కంగారు పడక్కర్లేదు. మీటర్ కొలిచే డీసీ రెసిస్టెన్స్ ఎప్పుడూ దానికంటే కాస్త తక్కువే.

ప్యానెల్ విప్పే ముందు బ్యాటరీ నెగటివ్ తీసేశా. స్క్రూలు చేతిపట్టు గుంటలోనూ, తాళం హ్యాండిల్ వెనకా దాక్కుని ఉంటాయి. మిగతాదంతా క్లిప్పులే, ప్లాస్టిక్ పట్టీతో ఎత్తితే వస్తాయి. పాత ప్లాస్టిక్ పెళుసెక్కి ఉంటుంది, కొన్ని క్లిప్పులు విరగక మానవు. ముందే కొత్తవి దగ్గర పెట్టుకోవడం మంచిది. చేత్తో తిప్పే గ్లాస్ హ్యాండిల్ ఉంటే దాని వెనక గుర్రపు నాడా ఆకారంలో ఒక తీగ క్లిప్పు ఉంటుంది. పాత నూలు గుడ్డను హ్యాండిల్‌కూ ప్యానెల్‌కూ మధ్య దూర్చి, రెండు కొసలూ పట్టుకుని అటూ ఇటూ రుద్దితే దారం పోగు క్లిప్పు కొసకు తగులుకుని దాన్ని బయటికి లాగేస్తుంది. ఠక్కున ఎగిరి సీటు కిందికి పోతుంది, కాబట్టి రెండో చెయ్యి అడ్డం పెట్టుకోవాలి.

తర్వాత లోతు. గ్లాస్ పూర్తిగా దించి కొలిస్తే స్పీకర్ బిగించే రేకు నుంచి గ్లాస్ దాకా 62 మిల్లీమీటర్లు. స్పీకర్ లోతు 58. నాలుగు మిల్లీమీటర్ల సందు నమ్ముకోదగ్గది కాదు, డోర్ గట్టిగా వేస్తే గ్లాస్ ఊగుతుంది. 12 మిల్లీమీటర్ల స్పేసర్ రింగు పెట్టి, కోన్ ముందుకొచ్చినప్పుడు గ్రిల్‌కు తగలదని కూడా చూసుకున్నా. రింగుకు ఎండీఎఫ్ (చెక్క పీచు అదిమి చేసే పలక) వాడేవాళ్లు చాలామంది ఉన్నారు, నాకు మాత్రం ఇష్టం లేదు. గ్లాస్ పక్కనుంచి వాన నీళ్లు డోర్ లోపలికి దిగడం మామూలే, అడుగున ఉన్న రంధ్రాల్లోంచి బయటికి పోతాయి. ఆ తడికి ఎండీఎఫ్ ఉబ్బుతుంది. నా రింగులు కూరగాయలు తరిగే మందపాటి ప్లాస్టిక్ పలకలోంచి కోసినవి. శుభ్రంగా తెగుతుంది, నీళ్లకు లొంగదు.

వైర్లు మార్చలేదు. 20 వాట్లకు కంపెనీ వైరు చాలు. డోర్‌కూ బాడీకీ మధ్య రబ్బరు గొట్టంలోంచి కొత్త వైరు దూర్చడం చేతులు కొట్టుకుపోయే పని, ఆంప్లిఫయర్ పెట్టినప్పుడు చూద్దాం. ప్లస్, మైనస్ మాత్రం పట్టి చూశా. పాత స్పీకర్ విప్పకముందే స్టీరియో వెనక విప్పిన వైరు కొసలకు 1.5 వోల్టుల పెన్సిల్ సెల్ క్షణం తాకిస్తే, కోన్ బయటికి ఉబికినప్పుడు సెల్ ప్లస్ కొస తాకిన వైరే ప్లస్. ఒక డోర్‌లో తారుమారైతే రెండు స్పీకర్లూ ఒకదాన్నొకటి కొట్టేసుకుని బాస్ మాయమైపోతుంది, లోపం స్పీకర్‌దే అనుకుంటాం. ఇంకోటి, ఇలాంటి స్టీరియోలలో స్పీకర్ మైనస్‌ను ఎక్కడా బాడీకి తగిలించకూడదు, లోపలి చిప్ పోయే ప్రమాదం ఉంది.

అసలు పనంతా డోర్‌లోనే ఉంది. స్పీకర్ వెనక నుంచి వచ్చే శబ్దం లోపలి రేకుకున్న పెద్ద పెద్ద కంతల గుండా ముందుకొచ్చి, ముందు శబ్దంలోని బాస్‌ను చంపేస్తుంది. కొత్త స్పీకర్లు రెండు వైపులా పెట్టి, ఎడమ డోర్ ఒక్కదానికే ఆ కంతలు మూసే పని చేసి, బ్యాలెన్స్ అటూ ఇటూ తిప్పుతూ విన్నా. కుడి వైపు మృదంగం తొప్పి (బరువైన నాదం పలికే మూత) అసలు పలకడమే లేదు, వలంతల (సన్నగా పలికే రెండో మూత) టకటకలే వినిపిస్తున్నాయి. ఎడమ వైపు తొప్పి నాదం నిండుగా ఉంది. స్పీకర్ అదే, పాట అదే! ఆ తేడా విన్నాక కుడి డోర్ పని ఆపబుద్ధి కాలేదు.

చేసిందేమిటంటే, బయటి రేకును లోపలి వైపు స్పిరిట్‌తో తుడిచి బ్యూటైల్ డాంపింగ్ షీట్ (రేకు అదురు ఆపే జిగురు రబ్బరు షీట్) మధ్య భాగంలో అంటించి రోలర్‌తో గట్టిగా నొక్కా. రేకంతా కప్పక్కర్లేదు, పావు వంతు పైన పడితే వేలితో కొట్టినప్పుడు డబ్బా మోత పోయి దిటవుగా వినిపిస్తుంది. లోపలి రేకు కంతలకు సన్నని అల్యూమినియం రేకు ముక్కలు బిగించి, వాటి మీద కూడా షీట్ వేశా. లాక్ కడ్డీలు, గ్లాస్ మెకానిజం స్వేచ్ఛగా కదలాలి, అడుగు రంధ్రాలు ఎట్టి పరిస్థితుల్లోనూ మూయకూడదు. డోర్ రేకుకూ ప్యానెల్‌కూ మధ్య ఉండే ప్లాస్టిక్ తెర చిరిగిన చోట బాగుచేసి తిరిగి అంటించా. అది లేకపోతే తడి ప్యానెల్ అట్టకెక్కి కార్పెట్ దాకా దిగుతుంది.

స్టీరియోలో ముందు వాటికి హైపాస్ (కింది స్థాయి శబ్దాలను తగ్గించే ఫిల్టర్) 80 హెర్ట్జ్ దగ్గర పెట్టా. లోతైన బాస్ మోసే భారం తగ్గి, వాల్యూమ్ పెంచినా గొంతు చెదరడం లేదు.

ఇక వెనక 6×9లు. ట్రే నొక్కుడు అట్టది, మధ్యలో కుంగి ఉంది, నేరుగా బిగిస్తే దడదడలాడుతుంది. 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్ పలక కింద నుంచి వేసి, దానికి బిగించాలి. డిక్కీయే వీటికి పెట్టె కాబట్టి పలక అంచుల్లో సందు ఉండకూడదు. డిక్కీ మూతను ఎత్తే స్ప్రింగ్ కడ్డీలు సరిగ్గా ట్రే కిందే అడ్డంగా పోతున్నాయి, అది అంతకంటే చిక్కు. మూత వేసినప్పుడు, తీసినప్పుడు వాటి స్థానం మారుతుంది. మాగ్నెట్ సైజుకు అట్ట ముక్క కోసి కింద అంటించి మూత వేసి తీస్తే ఎడమ కడ్డీ రాసుకుంటోంది. పలకకు పైన ఇంకో పొర వేసి స్పీకర్‌ను ఎత్తాలా, లేక రెండు స్పీకర్లనూ కాస్త సీటు వైపు జరపాలా అన్నది తేలాకే కంత కోస్తా.