కొత్త డిస్క్‌కి అంటుకున్న పాత మచ్చలు

నా పాత హార్డ్ డిస్క్ చెప్పాపెట్టకుండా ఏమీ పోలేదు. ఫోల్డర్ తెరిస్తే అర నిమిషం బిగుసుకుపోయేది, లోపల్నుంచి టిక్కు టిక్కుమని చప్పుడొచ్చేది. డిస్క్ తన ఆరోగ్యం గురించి తనే చెప్పే స్మార్ట్ రిపోర్టులో పెండింగ్ సెక్టార్ల (చదవడానికి మొరాయిస్తున్న చిన్న ముక్కల) సంఖ్య పెరుగుతూ పోతుంటే ఇక ఆగలేదు. అంతే సైజున్న 1 టీబీ కొత్త డిస్క్ కొని, లైనక్స్ పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి, పాడవుతున్న డిస్క్ నుంచి డేటా లాగే డీడీరెస్క్యూ అనే ప్రోగ్రాంతో క్లోన్ (ఉన్నదున్నట్టు కాపీ) మొదలుపెట్టాను. ఒక రాత్రి, మర్నాడు సగం పగలు పట్టింది. ఆఖర్న 60 కేబీ మాత్రం చదవలేకపోయింది. 1 టీబీలో 60 కేబీ ఓ లెక్కా అనుకున్నాను.

కొత్త డిస్క్ మీద విండోస్ మామూలుగానే లేచింది. రెండు రోజుల తర్వాత సి పార్టిషన్‌ని కాస్త తగ్గిద్దామని, పార్టిషన్ల సైజు మార్చే జీపార్టెడ్ తెరిస్తే, బ్యాడ్ సెక్టార్లున్నాయంటూ మొండికేసింది. విండోస్‌లో డిస్క్ తప్పులు వెతికే చెక్‌డిస్క్ నడిపి చూశాను. బ్యాడ్ సెక్టార్లలో 124 కేబీ ఉందట. కవర్ విప్పి వారం కాలేదు!

అందరూ చెప్పే మందు చెక్‌డిస్క్‌కి స్లాష్ ఆర్ (/r) తగిలించడం కదా, అదే వేశాను. సి డ్రైవ్ వాడకంలో ఉంటుంది కాబట్టి రీస్టార్ట్‌లో నడపనా అని అడిగింది, వై కొట్టాను. నాలుగు గంటలు పట్టింది. నేను పక్కన లేనప్పుడు అయిపోయింది కాబట్టి ఫలితం విండోస్ లాగ్‌లు చూపించే ఈవెంట్ వ్యూయర్‌లో వెతుక్కోవాల్సొచ్చింది. అప్లికేషన్ లాగ్‌లో విన్‌ఇనిట్ పేరుతో, 1001 నంబరుతో ఉంటుంది. తెరిచి చూస్తే మళ్లీ అదే 124 కేబీ.

ఇక డిస్క్ వెనక్కి పంపేద్దామని అమ్మినవాళ్లకి మెయిల్ రాయడానికి కూర్చున్నాను. జత చేయడానికి చెక్‌డిస్క్ స్క్రీన్ ఫొటో కోసం ఫోన్‌లో వెతుకుతుంటే అలాంటివే రెండు దొరికాయి. రెండింట్లోనూ 124 కేబీయే. కానీ ఒకటి కొత్త డిస్క్ కొనకముందు తీసింది.

వేర్వేరు డిస్క్‌లు ఒక్క కేబీ తేడా లేకుండా ఒకేలా పాడవుతాయా? మెయిల్ పక్కన పెట్టి చదవడం మొదలుపెట్టాను. విండోస్ డిస్క్ మీద ఫైళ్లని సర్దే పద్ధతి పేరు ఎన్‌టీఎఫ్‌ఎస్. అది తను పాడైనవని తేల్చుకున్న క్లస్టర్ల (డిస్క్‌లో చోటు పంచే చిన్న గడుల) చిట్టాను ఒక దాపుడు ఫైల్లో రాసుకుంటుంది. దాని పేరు బ్యాడ్‌క్లస్, ముందు డాలర్ గుర్తు ఉంటుంది. క్లస్టర్ 4 కేబీ కాబట్టి నా 124 కేబీ అంటే 31 క్లస్టర్లు. సెక్టార్ సెక్టార్‌గా క్లోన్ చేస్తే ఆ చిట్టా కూడా ఉన్నదున్నట్టు కొత్త డిస్క్ మీదికి వచ్చేస్తుంది. ఇల్లు మారి, పాత ఇంట్లో కారే చోట్ల జాబితాను కొత్తింటి గోడకి అంటించుకున్నట్టు! పోయే చోటు 124 కేబీయే, దానికి బాధ లేదు. పార్టిషన్ టూల్స్ మాత్రం ఆ చిట్టాని చూసే భయపడతాయి. స్లాష్ ఆర్ కొత్త మచ్చలు వెతుకుతుంది గానీ పాత వాటిని మళ్లీ పరీక్షించదు. ఆ పని చేసేది స్లాష్ బి, అదీ ఎన్‌టీఎఫ్‌ఎస్ మీదే.

ఆ కమాండ్ వెంటనే నడపలేదు. ముందు కొత్త డిస్క్ స్మార్ట్ చూశాను: పాడైన, అనుమానపు సెక్టార్లని లెక్కపెట్టే 5, 197, 198 నంబర్ల లెక్కలు మూడూ సున్నా. లాంగ్ సెల్ఫ్ టెస్ట్ కూడా పాసైంది. ఆ అంకెలు పెరుగుతున్న డిస్క్ అయితే చిట్టా చెరపడం ప్రమాదం. నిజంగా పాడైన చోట్లలోకి మళ్లీ డేటా వెళ్లొచ్చు, పైగా అన్ని గంటల చదువుడు చచ్చే డిస్క్‌ని ఇంకా తొందరగా చంపుతుంది. లైనక్స్‌లో ఎన్‌టీఎఫ్‌ఎస్‌ఫిక్స్ అనే కమాండ్‌కి హైఫన్ బి పెడితే ఆ చిట్టా చిటికెలో చెరిగిపోతుంది, కాకపోతే అది ఆ చోట్లని పరీక్షించదు. ఎలాగూ అనుమానం పట్టుకుంది కదా, పరీక్షించేదే నయమనిపించింది.

చెక్‌డిస్క్, సి, స్లాష్ బి, వై, రీస్టార్ట్. ఒక చోట శాతం అంకె కదలకుండా చాలాసేపు ఉండిపోయింది. పవర్ బటన్ దాకా చెయ్యి వెళ్లింది, ఆ టెన్షన్ భరించలేక లేచి వేరే గదిలోకి వెళ్లిపోయాను. పొద్దున లాగ్ తెరిస్తే బ్యాడ్ సెక్టార్లలో 0 కేబీ. జీపార్టెడ్ కూడా ఈసారి మారు మాట్లాడకుండా పార్టిషన్ తగ్గించింది.

ఆ 60 కేబీ సంగతి మాత్రం వేరే. అది ఈ చిట్టాలోది కాదు, ఫైళ్లలోనే కొన్ని ముక్కలు. డీడీరెస్క్యూ చదవలేకపోయిన చోట్ల కొత్త డిస్క్‌లో ఏమీ రాయలేదు, ఖాళీగానే ఉన్నాయి. ఏ చోట్లు చదవలేకపోయిందో అది రాసిపెట్టుకునే మ్యాప్ ఫైలు చూసి వెతికితే ఎక్కువ భాగం ఒకే వీడియోలో పడింది. చెక్‌డిస్క్ సున్నా అన్నాక కూడా ఆ వీడియో అదే సెకను దగ్గర ఆగిపోతోంది.