కర్తను వెతుకుతూ కథ దాకా: తొమ్మిదో తరగతితో నా అనుభవం

శ్రీకాకుళం జిల్లాలో, పలాసకు దగ్గర్లోని ఒక ఉన్నత పాఠశాలలో తెలుగు చెబుతుంటాను. వాక్యంలో కర్తను గుర్తించడం వ్యాకరణం పీరియడ్‌లో, సొంతంగా కథ రాయడం సృజనాత్మకత పేరుతో ఇంకెప్పుడో చెప్పడం మా దగ్గర అలవాటు. పోయిన విద్యాసంవత్సరం తొమ్మిదో తరగతిలో ఈ రెంటినీ ఒకే పాఠంగా నడిపించాను. ఇలాంటి తరగతులు తీసుకునేవాళ్లకు పనికొస్తుందని, ఎలా సాగిందో రాస్తున్నాను.

"పని చేసేవాడు కర్త" అన్న నిర్వచనం పిల్లలందరికీ కంఠస్థమే. "రాముడు పండు తిన్నాడు" లాంటి వాక్యాలున్నంతసేపు దానికి ఢోకా లేదు. "రాజుకు జ్వరం వచ్చింది" అని బోర్డు మీద రాసి కర్త ఎవరంటే తరగతి మొత్తం "రాజు" అంది. "గోడ కూలింది" అని రాసి, గోడ చేసిన పనేమిటని అడిగితే వెనక బెంచీ కుర్రాడు లేచి, "అదేటి చేస్తాది మాస్టారూ, ఊరికే పడిపోనాది" అన్నాడు. వాడన్నది సరైన మాట. నిర్వచనమే అక్కడ చాలలేదు.

అందుకని క్రియ చివరను పట్టుకోమన్నాను. తెలుగులో కర్త ఎవరో క్రియే చెప్పేస్తుంది: వచ్చాను, వచ్చావు, వచ్చాడు, వచ్చింది, వచ్చారు, వచ్చాయి. మా పిల్లలు ఇంట్లో మాట్లాడే వచ్చినాను, వచ్చినావు, వచ్చినాడులోనూ ఇదే పద్ధతి. అనుమానం ఉన్నచోట వాక్యంలోని ఒక్కొక్క నామవాచకాన్నీ బహువచనం చేసి చూడాలి. దేన్ని మారిస్తే క్రియ మారుతుందో అదే కర్త. రాజును తీసేసి పిల్లలను పెడితే "పిల్లలకు జ్వరం వచ్చింది". క్రియలో కదలిక లేదు. జ్వరాన్ని జ్వరాలు చేస్తే "వచ్చాయి" అయిపోయింది. కాబట్టి కర్త జ్వరమే. "నాకు లెక్కలు రావు"లో కర్త లెక్కలు అని తేలినప్పుడు లెక్కలంటే భయపడే పిల్లలకు భలే సంతోషమేసింది. ఇంగ్లీషు చెప్పే మా సహోపాధ్యాయిని కూడా ఈ పరీక్షను తన తరగతికి తీసుకెళ్లారు. "నిన్న సంతకెళ్లాను" అంటే తెలుగులో నిండు వాక్యమే, ఎందుకంటే "నేను" క్రియలోనే ఉంది. ఇంగ్లీషు క్రియలో ఆ గుర్తు చాలావరకు ఉండదు కాబట్టి కర్తను ముందే చెప్పి తీరాలి. పిల్లలు అక్కడ కర్తను ఎందుకు వదిలేస్తున్నారో అప్పటికి ఆవిడకూ నాకూ స్పష్టంగా తెలిసింది.

అంతలో ముందు వరుసలో కూర్చునే ఒకమ్మాయి అడిగింది: "జ్వరం కర్తే అనుకోండి మాస్టారూ, మరి బాధ పడింది రాజే కదా. ఆడి గురించి కాదేటి ఆ మాట?"

ఆ ప్రశ్నకు వ్యాకరణంలో జవాబుంది గానీ, నాకు కథల పాఠం మొదలుపెట్టవలసిన చోటు అదేననిపించింది. వాక్యం ఎవరి గురించి, పని ఎవరిది అన్నవి రెండు ప్రశ్నలు. కథకూ ఆ రెండూ కావాలి. బాధ పడుతున్న మనిషి ఉన్నంత మాత్రాన కథ కదలదు. ఆ మనిషో, ఇంకొకరో ఏదో ఒకటి చెయ్యాలి.

మొదటి విడత కథలు రాయించాను. సగానికి సగం ఇలా ఉన్నాయి: "ఒక ఊళ్లో ఒక అబ్బాయి ఉండేవాడు. పొద్దున్నే లేచి, స్నానం చేసి, బడికెళ్లి, బాగా చదివి, పెద్ద ఉద్యోగం తెచ్చుకున్నాడు." ఇందులో తప్పు వాక్యం ఒక్కటీ లేదు. లేచి, చేసి, వెళ్లి, చదివి అన్నీ క్త్వార్థకాలు, అంటే ఒక పని ముగించి ఇంకో పనికి వెళ్లడాన్ని చెప్పే క్రియారూపాలు. ఒకే కర్త వరసగా చేసుకుపోయే పనులకు తెలుగులో అంతకన్నా సుఖమైన వాక్యం లేదు. ఆ సుఖమే కథకు ఇబ్బంది. మొదటి నుంచి చివరి దాకా ఒక్కడే కర్త, వాడికి ఎదురొచ్చినవాళ్లు లేరు. పిల్లల చేత ఇలాంటి వాక్యంలోకి రెండో కర్తను తెప్పించాను. "అబ్బాయి బడికి బయల్దేరి, అమ్మ ఆపింది" అని రాస్తే వాళ్ల చెవికే అది అతకలేదు. "బయల్దేరితే అమ్మ ఆపింది" అని వాళ్లే సరిచేసుకున్నారు. "వాన కురిసి వాగు పొంగింది" మాత్రం చెల్లుతుంది, మొదటిది రెండోదానికి కారణం కాబట్టి. ఆ తేడా కూడా అక్కడే చెప్పేశాను.

ఆ రోజు నుంచి మా తరగతిలో కథ చదివి వినిపిస్తుంటే మిగతావాళ్లు "-తే" ఎక్కడొచ్చిందో చెవి ఒగ్గి వినేవారు. ఉదాహరణకు: "అడిగితే ఒప్పుకోలేదు." "వెళ్తే లేడు." "తలుపు తీస్తే పోలీసు." ఒకరు చేయబోయిన పనికి ఇంకొకరి పని అడ్డు పడినచోట చిక్కు మొదలవుతుంది. సంఘర్షణ అన్న మాట పుస్తకంలో ఉంటుంది, నేనూ చెబుతాను. కానీ పద్నాలుగేళ్ల పిల్లలు సంఘర్షణ అనగానే కొట్లాట రాస్తారు. "రెండో కర్తను తీసుకురండి" అంటే అమ్మనో, బస్సు కండక్టర్‌నో, అప్పిచ్చినవాడినో తీసుకొచ్చారు.

కథ నిర్మాణానికి బోర్డు మీద ఐదు మాటలు రాసేవాణ్ని: ఎత్తుగడ, చిక్కు, చిక్కు ముదరడం, మలుపు, ముగింపు. ఇంగ్లీషు పుస్తకాల్లో కొండ బొమ్మ వేసి చూపే ఐదు భాగాలు జర్మన్ రచయిత గుస్తావ్ ఫ్రైటాగ్ 1863లో నాటకం గురించి చెప్పినవి. మన నాట్యశాస్త్రాల్లోని ఐదు అవస్థలు అంతకన్నా ఎంతో పాతవి. ఆరంభం, యత్నం, ప్రాప్త్యాశ (దొరుకుతుందన్న ఆశ), నియతాప్తి (దొరకడం ఖాయమవడం), ఫలాగమం (ఫలం చేతికి రావడం). నాకు ఇవే ఎక్కువ నచ్చుతాయి. అవి ఫలం కోరి ఒక పని మొదలుపెట్టిన మనిషి దాటే అవస్థలు. అంటే అక్కడ కర్త ముందే ఉన్నాడు. పిల్లలకు ఆ పేర్లు బట్టీ పెట్టించలేదు. "నీ మనిషికి ఏం కావాలి? దానికోసం ఏం చేశాడు?" అన్న రెండు ప్రశ్నలుగా మార్చి ఇచ్చాను.

మా ప్రాంతం పిల్లల్ని కథ రాయమంటే తిత్లీ తుఫాను రాకుండా పోదు. 2018 అక్టోబరులో అది తీరం దాటినప్పుడు వీళ్లు చిన్నపిల్లలు, అయినా ఉద్దానం ఇళ్లలో ఆ మాట ఇంకా నడుస్తూనే ఉంటుంది. ఒకబ్బాయి రాశాడు: "గాలి వచ్చింది. కొబ్బరి చెట్లు పడిపోయాయి. జీడితోట పోయింది. కరెంటు లేదు. చాలా కష్టమైంది. నాన్న చెన్నై వెళ్లాడు." చదివి, కర్తలు గీత గీయమన్నాను. గాలి, చెట్లు, తోట, కరెంటు. మనిషి కర్తగా వచ్చింది చివరి వాక్యంలో. "నీ కథ అక్కడ మొదలవుతోందిరా" అంటే, "తుఫాను తీసేయాలా మాస్టారూ?" అని బెంగపడ్డాడు. తీసెయ్యక్కర్లేదు. తుఫాను ఎత్తుగడ. కొబ్బరి మొక్క పెట్టి కాయ చూడాలంటే ఏళ్లు పడుతుంది, అన్నేళ్లు ఇల్లు ఎలా గడవాలి అన్నది చిక్కు. వెళ్లాలా, పడిన చెట్లు తీయించి మళ్లీ నాటాలా అన్నచోట నాన్న ఒక నిర్ణయం తీసుకోవాలి. వాడు తిరగరాసిన కథలో తాత కొత్త మొక్కలు తెచ్చాడు, నాన్న రైలు టికెట్టు తెచ్చాడు. రెండు వాక్యాలు పక్కపక్కన ఉన్నాయంతే. ఆ కథ చదువుతున్నంతసేపూ తరగతిలో ఎవరూ కదల్లేదు.

అన్నిటికన్నా ఎక్కువ నేర్పింది ఇంకో కథ. ముందు నన్ను రాజు గురించి అడిగిన అమ్మాయే రాసింది. "అక్క చదువు ఆగిపోయింది" అని మొదలుపెట్టింది. వ్యాకరణం లెక్కన కర్త చదువు. కానీ చదువు దానంతటది ఆగదు. తెలుగులో ఇలాంటి క్రియల జంటలు చాలా ఉన్నాయి: ఆగు, ఆపు; మారు, మార్చు; విరుగు, విరుచు; తెగు, తెంచు; కూలు, కూల్చు. మొదటిది వాడితే చేసినవాళ్లు కనపడరు. ఇంట్లో గ్లాసు పగిలితే పిల్లలు "పగిలిపోయింది" అంటారు, "పగలగొట్టాను" అనరు. పెద్దలమూ అంతే, డబ్బు ఖర్చయిపోయింది, పెళ్లి కుదిరిపోయింది అంటుంటాం.

బోర్డు మీద మూడు వాక్యాలు రాశాను. అక్క చదువు ఆగిపోయింది. అక్క చదువు ఆపేశారు. అక్క చదువు మానేసింది. ఈ మూడూ ఒక కథేనా అని అడిగాను. పీరియడ్ మొత్తం వాదన జరిగింది. "ఆపేశారు"లో ఎవరో ఉన్నారు గానీ మొహం లేదన్నాడొకడు. "మానేసింది" అంటే తప్పంతా అక్క మీదికి పోతుందని ఇంకొకమ్మాయి. కాదు, అది అక్క తెలిసి తీసుకున్న నిర్ణయమైతే గొప్ప కథని మరొకరు. నేను ఏదీ తేల్చలేదు. పిల్లలు సొంత ఇంటి సంగతులు రాసేటప్పుడు ఉపాధ్యాయుడు జాగ్రత్తగా ఉండాలి. ఇది మీ ఇల్లు కానక్కర్లేదు, పాత్రకు మీకు తోచిన పేరు పెట్టుకోండి, రాసింది మీరు ఒప్పుకుంటేనే పైకి చదువుతాను అని మొదటినుంచీ చెప్పాను.

వారం పోయాక ఆ అమ్మాయి తెచ్చిన కథలో "అమ్మ ఆపింది" అని ఉంది. అమ్మ జీడిపప్పు కార్ఖానాలో గింజలు కొట్టే పనికి వెళ్తుంది, చంటి తమ్ముడిని చూసుకోవడానికి మనిషి కావాలి. కర్త దొరికాక ఆ అమ్మాయి ఆ కర్త చేసిన పనికి కారణం అడిగింది, ఆ కారణం కథను ఒక అడుగు వెనక్కి తీసుకెళ్లింది. చివర అక్క ఓపెన్ స్కూలు దరఖాస్తు నింపుతుంది. సంతకం చెయ్యమని కాగితం అమ్మ ముందు పెడుతుంది. "అక్కకు భయం వేసింది" అని మొదటి పేజీలో ఉన్న పిల్ల, చివరి పేజీలో "అక్క కాగితం పెట్టింది" దగ్గరికి వచ్చింది. భయం కర్తగా ఉన్న వాక్యం నుంచి అక్క కర్తగా ఉన్న వాక్యానికి రావడం, నేను ఇన్నేళ్లుగా పాత్ర ఎదుగుదల అని చెబుతున్నది అదే. ఆ మాట వాడకుండానే ఆ పిల్ల చేసి చూపించింది.

ఆ ఊపులో గురజాడ "దిద్దుబాటు" చదివాం. 1910లో ఆంధ్రభారతి పత్రికలో వచ్చిన కథ, గురజాడ ఉన్న విజయనగరం మనకు పక్క జిల్లానే. వేళ కాని వేళ ఇంటికొచ్చిన భర్తకు భార్య కనిపించదు, ఉత్తరం కనిపిస్తుంది. కథలో వెతికేది, చదివేది, కుమిలేది అంతా గోపాలరావే. అందుకే మొదట పిల్లలు కర్త అతనే అన్నారు. మరి దిద్దింది ఎవరని అడిగాను. కొంతసేపటికి కమలిని పేరు వచ్చింది. ఉత్తరం రాసింది, ఇంట్లోనే దాక్కుంది. కథను నడిపిన పనులు రెండూ ఆమెవే, మనకు కనిపించకుండా చేసినవి. మలుపు అంటే కొత్త సంగతి ఊడిపడటం కాదని, దాగి ఉన్న కర్త బయటపడటమని పిల్లలకు ఈ కథతో అర్థమైంది. "తెల్లారి లేచేసరికి అదంతా కల" అన్న ముగింపులు ఆ తర్వాత తగ్గిపోయాయి. కల అనేస్తే అంతవరకూ ఎవరూ ఏమీ చేయనట్టే కదా అని వాళ్లే ఒకరినొకరు నిలదీసుకున్నారు.

కొందరిని శ్రీకాకుళంలో కథానిలయానికి తీసుకెళ్లాను. కథకుడు కాళీపట్నం రామారావు, అదే కారా మాస్టారు, 1997లో మొదలుపెట్టిన ఈ గ్రంథాలయం తెలుగు కథలకోసమే ఉంది. ఆయనా బడిపంతులే అని చెబితే పిల్లలకు ఆ చోటు మరింత దగ్గరైంది. అక్కడ వాళ్లకు ఇచ్చిన పని చిన్నది: పాత పత్రికల్లోంచి నచ్చిన కథ తీసుకుని మొదటి పేరా, చివరి పేరా చదివి, రెండుచోట్లా కర్తలు రాసుకోవాలి. చాలామంది అక్కడితో ఆగలేదు. మధ్యలో ఏం జరిగితే కర్తలు మారారో తెలియాలి కాబట్టి కథంతా కూర్చుని చదివారు.

అందరికీ పట్టుబడిందని అనను. వాక్యం కూడబలుక్కుని రాసే పిల్లలు ఇంకా ఉన్నారు, వాళ్లకు నోటితో కథ చెప్పించి పక్కవాళ్ల చేత రాయిస్తున్నాను. పులి, నక్క నీతికథలు వదలనివాళ్లూ ఉన్నారు. నక్కకు ఏం కావాలో రాస్తున్నారు కాబట్టి నాకు అభ్యంతరం లేదు.

ఈ ఏడాది క్రమం కొంచెం మార్చాను. క్రియల జంటల పట్టిక జూన్‌లోనే గోడకు అంటించాం. ఎవరికి కొత్తది దొరికితే వాళ్లు చేర్చాలి. ఇప్పటికి నిండు నింపు, కాలు కాల్చు, చిరుగు చించు, దిగు దించు చేరాయి. నిన్న ఒకడు "ఓడు, ఓడించు" రాసి, పక్కన కబడ్డీ జట్టు పేరు కూడా రాయొచ్చా అని అడిగాడు. కథ రాసి తెస్తే రాసుకోమన్నాను.