గ్రంథపాతాలు పూరించే పని

ఉదయం పదింటికి ల్యాబ్‌లో కూర్చుని మెయిల్ తెరిస్తే, రాత్రి ఇంప్యుటేషన్‌కు (డీఎన్‌ఏలో చదవని అక్షరాలను లెక్కగట్టి పూరించే పనికి) పెట్టి వెళ్లిన జాబ్ మొదటి తనిఖీలోనే ఆగిపోయిందని తెలిసింది. తప్పు పూర్తిగా నాదే. డీఎన్‌ఏను ఎంచుకున్న చోట్ల మాత్రమే చదివే మా చిప్ ఫైళ్లలో స్థానాలన్నీ మనిషి జీనోమ్ (మొత్తం డీఎన్‌ఏ పాఠం) 37వ కూర్పు లెక్కన ఉండగా, ఫారంలో 38 అని గుర్తు పెట్టాను. దాంతో మా అక్షరాలకూ, పోల్చి చూసేందుకు ముందే చదివి పెట్టిన జీనోముల సంకలనమైన ప్యానెల్ అక్షరాలకూ పొంతన కుదరలేదు. అది సరిచేస్తూనే, ఏ–టీ, సీ–జీ జంటలున్న స్థానాలను కూడా ఏరి తీసేశాను. డీఎన్‌ఏ రెండు పోగుల్లో ఏకు ఎదురు పోగులో ఉండేది టీయే, సీకి ఎదురు జీయే కనుక, చిప్ ఏ పోగును చదివిందో ఆ జంటను చూసి చెప్పడం కుదరదు.

భోజనాల దగ్గర, కొత్తగా చేరిన విద్యార్థిని, "అక్కా, చిప్ చదవని అక్షరాన్ని మనం ఎలా రాసేస్తాం?" అని అడిగింది. నాకు తాళపత్రాలు గుర్తుకొచ్చాయి. పాత ప్రతులను పరిష్కరించేవారు పురుగు తిన్న చోట గ్రంథపాతం అని రాసుకుని, ఆ పద్యమే మరో ప్రతిలో దొరికి, అటూ ఇటూ ఉన్న మాటలు కలిసినప్పుడు, మధ్యలో పోయిన మాటను అక్కడి నుంచి తెచ్చుకుంటారు. మేము చేసేదీ అదే. సుమారు 300 కోట్ల అక్షరాల జీనోమ్‌లో మా చిప్ చదివేది ఆరున్నర లక్షల చోట్ల మాత్రమే. అయితే పక్కపక్కన ఉన్న అక్షరాలు తరతరాలుగా గుంపుగానే సంక్రమిస్తాయి కాబట్టి, ప్రోగ్రాము ప్రతి క్రోమోజోమునూ ప్యానెల్‌లోని హాప్లోటైపుల (ఒకే క్రోమోజోముపై కలిసి వచ్చే అక్షరాల వరుసల) ముక్కలతో కుట్టిన బొంతలా భావించి, ఏ ముక్క ఎక్కడ అతికిందో లెక్కగట్టి, ఖాళీలను దానినుంచి నింపుతుంది. పరిష్కర్త ఒక మాట తేల్చి రాస్తాడు. తల్లిదండ్రుల నుంచి వచ్చిన రెండు ప్రతుల్లో ఒక మార్పు ఎన్నిట ఉందో చెప్పాల్సిన చోట ప్రోగ్రాము 2 అని తేల్చకుండా 1.87 అని రాసి ఊరుకుంటుంది. ఆ సందేహాన్ని అలాగే, మార్పుకూ జబ్బుకూ సంబంధం ఉందేమో చూసే అసోసియేషన్ పరీక్షకు అందించాలి తప్ప, దగ్గరి అంకెకు కుదించడం తొందరపాటని నా అభిప్రాయం.

అన్నీ బాగానే ఉన్నా, బావిలో ఉంటేనే చేదలోకి వస్తుంది. ప్యానెల్‌గా వాడే, 2015లో ముగిసిన వెయ్యి జీనోముల ప్రాజెక్టు మూడో దశలో 26 జనసమూహాలకు చెందిన 2,504 మంది ఉన్నారు. అందులో ఐటీయూ అన్న మూడక్షరాల వెనుక ఉన్నది బ్రిటన్‌లో నివసించే 102 మంది తెలుగువారు. ఆ వరుస కనిపించిన ప్రతిసారీ చుట్టాల పేరు పెళ్లిపత్రికలో చూసినట్టు ఉంటుంది నాకు. కానీ 102 మంది అంటే 204 హాప్లోటైపులు. నూటికి ఒకటిగా ఉండే మార్పు వాటిలో రెండుసార్లు కనిపిస్తే గొప్ప. సుమారు 65 వేల హాప్లోటైపులున్న హెచ్‌ఆర్‌సీ (హాప్లోటైప్ రిఫరెన్స్ కన్సార్షియం) ప్యానెల్ పెద్దదే గానీ, అందులో అత్యధికులు ఐరోపా మూలాలవారు. పైగా ఒక్క అక్షరం మారిన చోట్లే తప్ప అక్షరాలు ఎగిరిపోయిన చోట్లు అందులో లేవు. భారతీయుల్లో సుమారు నూటికి నలుగురిలో ఉండే, గుండె కండరాల జబ్బుకు దారితీసే మైబీపీసీ3 జన్యువులోని 25 అక్షరాల లోపం అందులో ఎంత వెతికినా దొరకదు.

మా శాంపిళ్ల విషయంలో నాకు దిగులు మరొకటి. వైశ్యుల్లో బీసీహెచ్‌ఈ జన్యువులో ఒక మార్పు ఎక్కువగా కనిపిస్తుంది. అది రెండు వైపుల నుంచీ వచ్చినవారికి ఆపరేషన్ సమయంలో కండరాలను సడలించే సక్సినైల్‌కోలిన్ మందు ఇస్తే, కొద్ది నిమిషాల్లో తేరుకోవలసిన కండరాలు గంటల తరబడి కదలవు. కొద్దిమంది పూర్వీకుల నుంచి విస్తరించి, తమలో తామే పెళ్లిళ్లు చేసుకున్న సమాజం కనుక ఆ మార్పు చుట్టూ పొడవైన హాప్లోటైపు చెక్కుచెదరకుండా ఉంటుంది. దాన్ని మోసేవారు ప్యానెల్‌లో కొద్దిమంది ఉన్నా చాలు, మిగిలినవారిలో పోల్చుకోవచ్చు. ఒక్కరూ లేకపోతే వేలమంది పరాయివారు ఉన్నా ప్రయోజనం లేదు. అందుకే మా శాంపిళ్లలోనే కొన్నిటిని పూర్తిగా సీక్వెన్సింగ్ చేయించి ప్యానెల్‌కు కలుపుదామని మేడమ్‌తో అన్నాను. "బడ్జెట్ చూద్దాం" అన్నారు.

సాయంత్రం బీసీహెచ్‌ఈ ఉన్న మూడో క్రోమోజోమును మాత్రమే మళ్లీ పంపాను. రాత్రి తొమ్మిదికి ఫలితం వచ్చింది. తరచుగా కనిపించే మార్పుల వరుసల్లో పూరణ నాణ్యత (ఒకటికి ఎంత దగ్గరైతే అంత నమ్మకం) 0.95 దాటింది, అరుదైనవాటి దగ్గరికి వచ్చేసరికి 0.41, 0.22, 0.09. నియమం ప్రకారం 0.3కు దిగువన ఉన్న వరుసలను తొలగించి, వాటి జాబితాను మాత్రం వేరే ఫోల్డరులో దాచి, ల్యాబ్ తాళం వేశాను.